రోడ్డు మీద మక్కలు, పేపర్లో అతివేగం

ప్రమాద వార్త రాయడానికి ప్రమాదం చూడనక్కరలేదని విలేకరినైన తొలి ఏడాదే నాకు తెలిసిపోయింది. పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారికి లోపలగా, అడవి అంచున ఉన్న మా మండలానికి ఒక పత్రిక తరఫున నేనే విలేకరిని. రెండెకరాల మొక్కజొన్న, మా మాటలో మక్కలు, నాకు బతుకుదెరువు, విలేకరి పని నాకు గౌరవం. ఎక్కడ ఏ బండి పడినా నా వార్త ఒకటే: ‘అతివేగంతో అదుపు తప్పి బోల్తా పడింది. పోలీసులు కేసు నమోదు చేసుకుని దర్యాప్తు చేస్తున్నారు.’ ఊరి పేరు, గాయపడినవాళ్ల పేర్లు మారిస్తే చాలు. ఫోన్‌లో ఆ నమూనాను దాచిపెట్టుకున్నాను కూడా. ఒకసారి ఆగి ఉన్న ట్రాక్టర్ వెనక్కి జారి పొలంలో పడితే, నా వార్తలో అదీ అతివేగంతోనే పడింది.

మొదట్లో ఒకసారి మాత్రం కష్టపడి రోడ్డు మీది గుంత గురించి రాశాను. వెంటనే డెస్కులో కూర్చునే పెద్దమనిషి ఫోన్ చేశాడు.

“గుంత సంగతి మనకెందుకయ్యా? డ్రైవర్ ఏం చేసిండో రాయి. గుంతకు పేరుంటదా, ఊరుంటదా?”

నిజమే అనిపించింది. గుంతను తిడితే ఎవరెవరికో కోపాలొస్తాయి. డ్రైవర్‌ను తిడితే ఎవరూ ఖండించరు. అతను అప్పటికి దవాఖానాలో ఉంటాడు.

మా ఊరికి తారు రోడ్డు పడినప్పుడు బండ్లున్నవాళ్ల కంటే ఎక్కువ సంతోషించింది కల్లం లేనివాళ్లు. నల్లగా, చదునుగా, కాలిపోతూ ఉండే అంత మంచి కల్లం ఎవరికి దొరుకుతుంది? పంట చేతికొచ్చిందంటే సగం రోడ్డు మీద గింజలు, మిగతా సగం మీద బస్సులు. గింజల మీదికి బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చి, ఆ చివరా ఈ చివరా ఒక పచ్చికొమ్మ పెడతాం. గింజలు ఎత్తుకున్నాక రాళ్లు మాత్రం తీయం. తర్వాత ఆరబోసుకునేవాళ్లకు పనికొస్తాయని వదిలేస్తాం. దీన్ని మేం పరోపకారం అనుకుంటాం.

ఆ ఎండాకాలం నేనూ నాలుగు రోజులు ఆరబోసి, ఒక సాయంత్రం గింజల్ని బస్తాలకెత్తాను. “రాళ్లు తియ్యవా?” అని నా భార్య అడిగింది. “రేపు తీస్త,” అన్నాను. ఆ రేపు పొద్దున మండల కేంద్రంలో ఎవరిదో ప్రెస్‌మీట్ ఉందని తెల్లచొక్కా వేసుకుని ఆటో ఎక్కాను.

ఆ ఆటో నడిపేది పక్క గూడెం మనిషి. నలభై ఏళ్లుంటాయి. మలుపు వస్తే హారన్ కొట్టి, ఆగి, తల బయటపెట్టి చూసి, మళ్లీ హారన్ కొట్టి అప్పుడు కదిలేవాడు. జల్దీ పోవాల్సినవాళ్లు ఆ ఆటో ఎక్కరు. వేరే బండి దొరక్క నేను ఎక్కాను. నా పక్కన ఇప్పపూల గంప ఒళ్లో పెట్టుకుని సంతకు పోతున్న ఒక ముసలామె కూర్చుంది. “నడిసిపోయినా ఈపాటికి సంతల ఉందును,” అని ఆమె దారంతా సణిగింది. అలా అంటుండగానే ఒక మేకల మంద మమ్మల్ని దాటి ముందుకు పోయింది.

ఎదురుగా పాల్వంచలో షిఫ్టు దిగినవాళ్లతో బస్సు వచ్చింది. ఆటోవాలా మర్యాదగా ఎడమకు జరిగాడు. ఎడమ చక్రం దేని మీదికో ఎక్కింది. ఆటో ఏ తొందరా లేకుండా, నిద్రొచ్చిన మనిషిలా పక్కకు ఒరిగి పడుకుంది.

నేను రోడ్డు మీద బోర్లా పడ్డాను. కళ్లు తెరిస్తే ముక్కుకు జానెడు దూరంలో ఒక రాయి. దీన్ని ఎక్కడో చూశానే అనుకున్నాను. మా ఇంట్లో పగిలిన రుబ్బురోలు తాలూకు సగం ముక్క అది. మొక్కజొన్న చుట్టూ పెట్టడానికి నేనే మోసుకొచ్చి పెట్టాను.

నా గడ్డం చీలింది, ఎడమ చెయ్యి విరిగింది. ముసలామెకు ఏమీ కాలేదు. ముందు తన పూలు ఏరుకుని, తర్వాత నన్ను లేపింది. బస్సు వాళ్లు దిగొచ్చి ఆటోను నిలబెట్టారు. ఆటోవాలా తన మోచేతి నుంచి రక్తం కారుతున్నా పట్టించుకోకుండా, “అన్నా, మస్తు దెబ్బ తాకిందా? నన్ను మాఫ్ చెయ్యిరన్నా,” అంటూ నా చుట్టూ తిరిగాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. చెయ్యి పట్టుకుని మూలిగాను.

దవాఖానాలో కుట్లు వేయకముందే డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. నేనెలా ఉన్నానని కాదు, మీ మండలంలో ఆటో పడిందట, వార్త ఏదని. గడ్డానికి దూది అదుముకుని చెప్పాను: ‘అతివేగంతో అదుపు తప్పి ఆటో బోల్తా. విలేకరికి గాయాలు.’ అలవాటు కొద్దీ చెప్పానా, భయం కొద్దీ చెప్పానా అంటే ఇప్పటికీ తేల్చుకోలేను. డెస్కు వాళ్లు మాత్రం ముచ్చటపడి, మన మనిషే కదా, పేజీ పైన వేస్తామన్నారు.

వేశారు. అందరిలాగే పోలీసులూ పొద్దున్నే పేపరు చదువుతారు. నేను వాంగ్మూలం ఇవ్వకముందే వాళ్లు అతివేగం అని కేసు రాసి, ఆటోను స్టేషన్ ఆవరణలో పెట్టేశారు. లైసెన్సు రద్దుకు కూడా రాస్తారని తెలిసింది. అది పోతే అతనికి చేతిలో వేరే పని లేదు. ఆ గూడెం నుంచి కాన్పుకైనా జ్వరానికైనా దవాఖానాకు వచ్చేది కూడా ఆ ఆటోలోనే.

నా భార్య పేపరు చదివి, మడిచి, కట్టుకట్టిన నా చేతి మీద పెట్టింది.

“అతివేగమని రాసినవ్. ఆయన బండి స్పీడ్ పోంగ నువ్వెప్పుడన్న చూసినవా?”

“అట్లనే రాస్తరు. అది పద్ధతి.”

“మరి రాళ్లు ఎవ్వరియి?”

“రోడ్డు మీద శాన రాళ్లుంటయి.”

“రుబ్బురోలు గూడ ఉంటదా? నువ్వు గీడ పండుకుంటే గాడికి పోయి రాళ్లన్నీ ఎత్తిపోసి వచ్చింది నేను. పోయి ఉన్నదున్నట్టు చెప్పి రా. లేకుంటే నేనే పోయి చెప్త. నీ పేపర్ల నా ఫోటో గూడ ఏస్తరు.”

ఆమె పోతానంటే పోతుంది. పేపర్లో పడిన మూడో రోజు చేతిని మెడకు వేలాడదీసుకుని స్టేషన్‌కు నేనే బయల్దేరాను. ఆటోవాలా అప్పటికే అక్కడ ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, నేను కూర్చోవడానికి తువ్వాలతో బెంచీ తుడిచాడు. నాకు ఆ బెంచీ మీద కూర్చోబుద్ధి కాలేదు.

స్టేషన్లో రాతపని చూసే రైటరు నాకు పాత స్నేహితుడు. ఇన్నేళ్లుగా ఆయన కేసు చూసి నేను వార్త రాశాను, నా వార్త చూసి ఆయన కేసు రాశాడు.

“స్పీడ్ లేదు, ఏం లేదు. రోడ్డు మీద రాళ్లున్నయి. చక్రం రాయెక్కింది,” అన్నాను.

రైటరు పెన్ను ఆపాడు. “గదేంది, పేపర్ల రాసింది మీరే గద.”

నేను నోరు తెరిచేలోగా ఆటోవాలా చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. “లేదు సార్, నాదే తప్పు. స్పీడ్ పోయిన. అన్న మంచోడు. నన్ను బచాయించాలని గట్ల చెప్తుండు.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “నువ్వెక్కడ స్పీడ్ పోయినవయ్యా? మేకలు నిన్ను దాటిపోయినయి గద.”

“గా మేకలు ఉరుకుతున్నయన్నా,” అన్నాడు అతను ఎంతో వినయంగా.

దెబ్బలు తిన్నవాడు తప్పు లేదంటున్నాడు, కేసు పడ్డవాడు ఉందంటున్నాడు. అలాంటి పంచాయితీ రైటరు సర్వీసులో వచ్చి ఉండదు. తల గోక్కుని, గొంతు తగ్గించి నాతో అన్నాడు. “సరే, రాళ్లే అనుకుందాం. పెట్టింది ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని రాసేస్త. ఆటో ఇచ్చేస్తం. మీరు గూడ ఇంటికి పోయి పండుకోరి. ఏమంటరు?”

ఆ మాట నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. ఇటు ఆటో బయటపడుతుంది, అటు నేనూ బయటపడతాను. భార్యకు కూడా ఉన్నది చెప్పొచ్చాననే చెప్పుకోవచ్చు. తల సగం ఊపాను కూడా. కానీ చెయ్యని తప్పు ఒప్పుకుంటూ ఒకడు పక్కనే నిలబడి ఉంటే, చేసిన నేను గుర్తు తెలియని వ్యక్తిగా ఇంటికి పోవడం నావల్ల కాలేదు.

“గుర్తు తెలియకపోవుడేంది. మక్కలు నావి, రాళ్లు నావి. పెట్టింది నేనే,” అన్నాను.

రైటరు కొత్త కాగితం తీశాడు. నా మీద జరిమానాతో పోయే పెట్టీ కేసు రాయక తప్పదన్నాడు, రాశాడు. సంతకం పెట్టించుకున్నాక మాత్రం, ఈ సంగతి పేపర్లో పెద్దగా వేయొద్దని బతిమాలాడు. ఆయన మామగారి మక్కలు కూడా ఆ పొద్దున రోడ్డు మీదే ఉన్నాయట.

మధ్యాహ్నానికి ఆటో ఇచ్చారు. ఇంటి దగ్గర దించుతానని ఆటోవాలా పట్టుబడితే ఎక్కి కూర్చున్నాను. ఊరి దారి పట్టాక అడిగాను.

“ఆ రాళ్లు నావని నీకు తెల్వదా?”

“ఎందుకు తెల్వదన్నా? నాలుగు దినాలు మీరు గాడ గొడుగేసుకొని కూసున్నరు గద. పోంగ రాంగ నేను చూస్తనే ఉన్న.”

“మరి నీదే తప్పని ఎందుకన్నవ్?”

అతను మలుపు దగ్గర ఆగి, హారన్ కొట్టి, తల బయటపెట్టి చూశాడు. కొంత దూరం పోయాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

“రాళ్లు చూసిన. చక్రం ఎక్కుతే చప్పుడు గూడ ఇన్న. కని పేపర్ల రాళ్లు లేకపాయె. చదువుకున్నోళ్లు ఊకె రాయరు గదా, నాకే తెల్వకుంట స్పీడ్ పోయిన్నేమో అనుకున్న. మా ఇంటామె గూడ గట్లనే అనుకున్నది. మూడు దినాల సంది నాతోని మాట్లాడుత లేదు.”

నేను రాసింది నిజమని నమ్మిన మనిషిని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఆటో తిప్పు,” అన్నాను. “ముందుగాల మీ ఇంటికి పోదాం. రాళ్లు నావని చెల్లెకు నేను చెప్త.”