మూగవేళ ఫోను

మా కంట్రోల్ రూములో ఆవిడను అందరం టీచరమ్మ అనేవాళ్లం. పాఠం చెప్పినట్టు నింపాదిగా మాట్లాడేది, తప్పు చేస్తే కళ్లజోడు మీదుగా చూసేది. పక్క కుర్చీ నాది కాబట్టి ఆ చూపులు ఎక్కువగా నాకే దక్కాయి.

మేం కనిపెట్టుకుని ఉండే వ్యోమనౌక భూమి చుట్టూ తిరుగుతూ, ఇంకా పైనున్న రెండు రిలే ఉపగ్రహాల ద్వారా మాతో మాట్లాడుతుంది. ఒకటి కనుమరుగై రెండోది అందేలోపు, ప్రతి చుట్టులోనూ కాసేపు సిగ్నల్ ఉండదు. దాన్ని మేం మూగవేళ అనేవాళ్లం. సిగ్నల్ ఉన్నంతసేపూ ఎవరూ కుర్చీ వదలకూడదు. ఆ రూలు పట్టుబట్టి పెట్టించింది టీచరమ్మే. ఫోన్లేమో బయట లాకర్లలో ఉంటాయి. మధ్యాహ్నం మూగవేళ రాగానే మేం టీకి పోతే, ఆవిడ లాకర్ల దగ్గరికి పరుగెత్తేది.

ఇంట్లో ఆవిడ తమ్ముడున్నాడు. గడ్డం నెరిసినా మనసు చిన్నపిల్లాడిదే. పక్కింటి పిన్ని కంచంలో భోజనం పెట్టి వెళ్తుంది. అక్క ఫోను చేసి "తినరా" అంటే తప్ప ముద్ద ముట్టడు.

ఇంతలో మూడో ఉపగ్రహం పైకి వెళ్లింది. మూగవేళ లేకుండా చేయాలని ఏళ్ల తరబడి లెక్కలు కట్టినవాళ్లలో ఆవిడా ఉంది. అది పని మొదలుపెట్టే ముందురోజు ఆఫీసర్ని అడిగింది.

"మధ్యాహ్నం ఒక్క ఐదు నిమిషాలు వదులుతారా? తమ్ముడికి ఫోను చేసుకోవాలి."

"నా చేతుల్లో ఏముందమ్మా. అసలే మనుషులు తక్కువ. పైగా ఆ రూలు మీరు పెట్టించిందే కదా."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం "నిజమేలెండి" అని వచ్చి కూర్చుంది.

"పోనీ పిన్నిగారితో చెప్పించండి" అన్నాను.

"ఎవరు చెప్పినా వినడు. ఇవాళ ఇంటికెళ్లి నేనే నచ్చజెప్తాను."

మర్నాడు వ్యోమనౌక చుట్టంతా తిరిగొచ్చినా సిగ్నల్ తెగలేదు. గదంతా చప్పట్లు. టీచరమ్మ కూడా కొట్టింది, చూపు మాత్రం గడియారం మీదే ఉంది. ఆ చప్పట్లు నాకు వెగటు పుట్టించాయి. షిఫ్టు దిగేసరికి ఆవిడ ముఖం పీక్కుపోయింది. బస్సు కోసం నిలబడే ఓపిక కూడా లేదంటే, నా బండి మీద ఇంటికి తీసుకెళ్లాను.

తమ్ముడు ఫోను ముందు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కంచం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఫోను రాకపోయినా తింటానని రాత్రి తలూపావు కదరా" అంది టీచరమ్మ.

"తిందామనే అనుకున్నానక్కా. నోట్లో ముద్ద ఉండగా నువ్వు ఫోను చేస్తే మాట్లాడలేను కదా" అన్నాడతను. "ఇప్పుడు తిననా?"