ఆవిరియంత్రం కోటు

సూది చేతికిస్తే మోతీబాయి ఎవరికీ తీసిపోదు. త్రిపురారం దగ్గరి తండాలో పుట్టింది. మాటలు రాకముందే కుట్టు వచ్చిందని వాళ్లమ్మ గొప్పలు చెప్పేది; అందులో సగం తీసేసినా మిగిలేది తక్కువేం కాదు. పెళ్లయ్యాక మొగుడు భీమ్లాతో మిర్యాలగూడ వచ్చింది. ఇద్దరూ రైస్ మిల్లులో పనికి కుదిరారు. తొంభై రెండులో కూతురు చాందీని అక్కడి బడిలో ఆరో తరగతిలో వేశారు.

మొదటి వారంలోనే పిల్లలు చాందీ యాసను వెక్కిరించారు. అది మొండిఘటం. "ఇంకొక్కసారి నవ్విన్రంటే బడి ఖతం. నేను గూడ మిల్లుకే వస్త" అని తేల్చేసింది. ఊక దుమ్ము మింగి రోజూ దగ్గే తల్లికి ఆ మాట గుండెల్లో రాయి పడ్డట్టయింది.

ఇంతలో సైన్సు టీచరు విజయలక్ష్మి వార్షికోత్సవానికి నాటిక పెట్టింది. అందులో చాందీ ఆవిరియంత్రం. ఇత్తడి చక్రాల కోటు, కళ్లకు నల్లద్దాలు, నెత్తిన పొగగొట్టం టీచరే కాగితం మీద గీసిచ్చింది. మోతీబాయి మిల్లులో పారేసిన బెల్టు ముక్కలు, పాత గడియారాల పళ్లచక్రాలు, డాల్డా డబ్బా పోగేసింది. వెల్డింగు దావీదు తన పాత కళ్లద్దాలిచ్చాడు. తండాలో బట్టలకు అద్దాలు కుట్టినట్టే మోతీబాయి ఒక్కో చక్రం చుట్టూ దారం తిప్పి బిగించింది. భీమ్లా చూసి, "గిది తొడుక్కుంటే రైలే వచ్చి దండం పెడ్తది" అన్నాడు.

వార్షికోత్సవం రోజు కోటు తొడుగుతూ టీచరు ఆగిపోయింది. వెనక రెండు తాళ్లు తప్ప ఏమీ లేదు. మోతీబాయి జన్మలో చొక్కా కుట్టలేదు. కుట్టిందంతా కాంచళే, ముందు నిండుగా ఉండి, వెనక తాళ్లతో ముడేసుకునే తండా రవిక. టీచరు గీసిన బొమ్మలో వీపు లేదు మరి.

"జర ఆగున్రి టీచరమ్మా, ఏదన్న గుడ్డ ఏసి కుడ్త" అంది మోతీబాయి, కొంగుకు గుచ్చుకున్న సూది తీస్తూ.

"టైం లేదమ్మా. మన వంతు వచ్చేసింది."

చాందీ తల్లి ముఖం చూసింది. అమ్మను తండా మాటలో యాడీ అనే పిలుస్తుంది. "నువ్ పోయి ముందట కూసో, యాడీ" అని మాత్రం అంది.

కూర్చోవడానికి ఆ తల్లికి ప్రాణం ఎక్కడిది? గోడకు ఆనుకుని నిలబడింది. చాందీ వేదిక ఎక్కి తన మాటలన్నీ తడబడకుండా చెప్పింది. ఇక లోపలికి పోవాలంటే తిరగాలి. తిరిగితే నవ్వుతారు, నవ్వితే బడి ఖతం. కానీ ఆ పిల్ల తిరగలేదు. గట్టిగా కూత పెట్టి, చుక్ చుక్ అంటూ వెనక్కి వెనక్కే నడిచి తెర చాటుకు పోయింది. ఇంజను రివర్సులో పోతోందని జనం ఒకటే చప్పట్లు. నవ్వారు కూడా, అయితే ఆ నవ్వు వేరు. మోతీబాయి అక్కడే చతికిలబడి, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు ఏడ్చింది.

ఇంటిదారిలో అడగాలంటే ఇంకా భయమే. "పిల్లలు ఏమన్నరే?" అంది చివరికి.

"మల్ల సెయ్యుమన్నరు" అంది చాందీ. కాసేపు నడిచాక, "రేపు నువ్ మిల్లుకు పొయ్యేటప్పుడు నన్ను గూడ లేపు" అంది.

మోతీబాయి కాళ్లు ఆగిపోయాయి.

"బడికి జల్దీ పోవాలె, యాడీ."