లెక్కకు అందని ఫోన్లు

నన్ను కడప శాఖ నుంచి కర్నూలు ప్రధాన కార్యాలయానికి బదిలీ చేసింది ఒక ఏప్రిల్ నెలలో. చౌక రకం స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెలకు చేరుతున్న రోజులవి. మాది రెండు జిల్లాల్లో పనిచేసే స్వచ్ఛంద ఆరోగ్య సంస్థ. కార్యాలయం కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులో, కొత్త ఇళ్ళ మధ్య ఒక అద్దె మేడలో ఉండేది. నా హోదా విశ్లేషణాధికారి. నేరుగా డైరెక్టర్‌కే నివేదిక ఇవ్వాలి. సంస్థ వెబ్‌సైట్‌కు ఎందరు వస్తున్నారు, ఏ పేజీ చూస్తున్నారు, కంప్యూటర్లోంచా ఫోన్లోంచా అన్నది లెక్కగట్టి నెలనెలా చెప్పడం నా పని. దానికీ ఒక ఉద్యోగమా అని ఇప్పటికీ మా బంధువులు అడుగుతుంటారు.

ఆ లెక్క ఎలా వస్తుందో చెప్పాలి. ప్రతి పేజీలోనూ ఒక చిన్న కోడ్ పెడతారు. పేజీ తెరుచుకున్నప్పుడు అది నడిచి, ఫలానా రకం ఫోన్లోంచి ఒకరు వచ్చారని లెక్కల వ్యవస్థకు కబురు పంపుతుంది. ఆ కబురు అందితేనే దాన్ని ‘విజిట్’ అంటాం. అందకపోతే మా దృష్టిలో ఎవరూ రానట్టే.

నేను చేరిన కొద్దిరోజులకే డైరెక్టర్ డాక్టర్ చంద్రశేఖర్ గారు పిలిపించారు. ఆయన పిల్లల వైద్యులు, మాట పొదుపు. మాకు నిధులిచ్చే సంస్థవాళ్ళు వెబ్‌సైట్ మరీ పెద్దదైపోయిందని, ఎవరూ చూడని పేజీలు తీసేయాలని అడుగుతున్నారట. ఏవి తీసేయవచ్చో నెలాఖరుకు రాసివ్వమన్నారు. లెక్కలు ముందు పెట్టుకుంటే అన్నిటికన్నా అడుగున ఉన్నది పాముకాటు మందు పేజీ.

ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, ఎక్కడ అయిపోయింది, అక్కడి ఫోన్ నంబరు ఏమిటి అన్నది ఆ పేజీలో ఉండేది. రజియా, లక్ష్మీదేవి అనే ఇద్దరు రోజూ పొద్దున్నే అన్ని ఆసుపత్రులకూ ఫోన్లు చేసి, కనుక్కొని దాన్ని సరిదిద్దేవారు. పేజీ పోతే ఆ పనీ ఆగిపోతుంది. ముందున్నది విత్తనాల కాలం. మా సీమలో పాముకాట్లు ఎక్కువగా జరిగేది అప్పుడే.

రజియాను కూర్చోబెట్టి విషయం చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది.

“ఆసుపత్రుల్లో మందులిచ్చేవాళ్ళు నాతో అంటాండారు మేడం, మీ పేజీ చూసి జనాలు ఫోన్లు చేస్తాండారని. వాళ్ళు అబద్ధం యాల చెప్తారు?”

నా పట్టికలో చూస్తే పల్లెల ఫోన్లలోంచి ఆ పేజీకి వచ్చిన విజిట్లు దాదాపు లేవు. ఆమె మాటైనా తప్పయి ఉండాలి, పట్టికైనా తప్పయి ఉండాలి. కార్యాలయంలో కూర్చుని అది తేలదు. పల్లెకు వెళ్ళి చూసి వస్తానని డైరెక్టర్‌ను అడిగాను. వద్దనడానికి ఆయనకు కారణాలున్నాయి, గడువు దగ్గర పడింది. అయినా వెంటనే జీపు ఇప్పించారు.

మైదుకూరులో మా క్షేత్ర పర్యవేక్షకుడు ఓబులేసు నా కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ పేజీ వాడినవాళ్ళను ఒక్కరినైనా చూపించమని ముందే కబురు పంపాను. ఊరికి అవతల ఒక చేను దగ్గరికి తీసుకెళ్ళాడు. వేపచెట్టు నీడలో అక్కాచెల్లెళ్ళిద్దరు పసుపు విత్తనానికి కొమ్ములు ఏరుతున్నారు. పెద్దామె ఈశ్వరమ్మ, చిన్నామె చెన్నమ్మ. ఓబులేసు నన్ను పరిచయం చేసి, “ఏమక్కా, పోయినేడు జరిగింది మేడానికి చెప్పు” అన్నాడు.

ఈశ్వరమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

“వానలప్పుడు మేడం. మా చెల్లెలు గట్టుమీద గడ్డి కోస్తాంటే రక్తపింజర కరిసింది. దగ్గరుండే ఆసుపత్రికి పోదామని ఆటో ఎక్కినాము. మీ పేజీని ఆశా కార్యకర్త నా ఫోన్లోకి పంపింటే, దారిలో అది తీసి చూసినా. ఆడ మందు లేదని రాసుండాది. ఇంగ ఆ తట్టు పోకుండా ఆటోను మళ్ళిచ్చి, మందుండే తావుకు తీస్కపోయినాము.”

చెన్నమ్మ కాలు ముందుకు చాపింది. చీలమండ పైన చర్మం నల్లగా ముడుచుకుపోయి ఉంది. “ఇంగ రోంత సేపైతే కిడ్నీలు పోయేవంట. డాక్టరు చెప్పినాడు” అని, మళ్ళీ కొమ్ములు ఏరడంలో పడింది.

నెలాఖరుకు తీసేయమని రాయబోతున్న పేజీ అదే. “ఆ పేజీ ఇప్పుడొకసారి తీయమ్మా, ఆ పొద్దు ఎట్ల చేస్తివో అట్లే చెయ్యి” అన్నాను. నేను లాప్‌టాప్ తెరిచాను. ఆ క్షణంలో ఒక్కో పేజీలో ఎందరున్నారో చూపించే తెర ఒకటి మాకుంటుంది. సిగ్నల్ అంతంతమాత్రం. ఆమె ఫోన్లో పేజీ పైభాగం మెల్లగా దిగింది. ఆసుపత్రుల పేర్లు, నంబర్లు కనిపించగానే ఆమె ఒక నంబరు నొక్కింది. అవతల మోగకముందే ఆపించాను. నా తెరమీద మాత్రం సున్నా కదల్లేదు. లాప్‌టాప్ ఆమె వైపు తిప్పి అదే చెప్పాను.

“నేనీడనే ఉండా గదా మేడం! నన్ను సున్నా అంటాందే!” అని ఈశ్వరమ్మ నవ్వింది. ఓబులేసు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు కానీ ఏం జరుగుతోందో అర్థమైంది.

మా పేజీలో ముందు వివరాలు, తరువాత బరువైన ఫొటోలు, అన్నిటికన్నా చివర లెక్కించే కోడ్ ఉండేవి. కంప్యూటర్లో ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా వచ్చేస్తుంది. చేలో ఉన్న ఫోన్‌కు ఫొటోలు దిగేసరికే చాలాసేపు పడుతుంది. కాలో చేయో వాచిపోతున్న మనిషి పక్కనుండగా ఎవరు ఆగుతారు? నంబరు కనిపించగానే నొక్కేస్తారు, ఫోన్ పేజీని వదిలేస్తుంది, కోడ్ దాకా చేరనే చేరదు. ఈసారి ఈశ్వరమ్మను నంబరు నొక్కకుండా ఆగమన్నాను. ఫొటోలన్నీ దిగాక నా తెరమీద ఒకటి పడింది.

చెన్నమ్మ భర్త ఫోన్ కూడా తెప్పించి చూశాం. అతను డేటా తక్కువ ఖర్చయ్యే బ్రౌజర్ వాడుతున్నాడు. అందులో పేజీని ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లు ముందుగా తెచ్చుకుని, కుదించి, ఫోన్‌కు పంపుతాయి. మా కోడ్ అందులో అసలు నడవలేదు. ఎంతసేపు ఆగినా సున్నాయే.

కల్లూరుకు తిరిగి వచ్చి సర్వర్ చూసుకునే ఇంతియాజ్ దగ్గరికి వెళ్ళాను. సర్వర్ అంటే మా పేజీలు నిలవ ఉండే కంప్యూటర్. ఎవరు ఏ పేజీ అడిగినా అది తన దగ్గర ఒక వరుస రాసుకుంటుంది. లెక్కించే కోడ్ నడిచినా నడవకున్నా ఆ వరుస పడుతుంది. జాగా చాలకపోతే వీటిని చెరిపేయడం మామూలే. ఇంతియాజ్ మాత్రం ఏడాది పైబడినవి కూడా వేరే డిస్కులో దాచి పెట్టాడు. “పారేయబుద్ధి కాలేదు మేడం” అన్నాడు. తన పని మానుకుని నాతోపాటు కూర్చున్నాడు.

సెర్చ్ ఇంజన్లు తమంతట తామే మా పేజీలను అడిగిన వరుసలు తీసేశాం. మా కార్యాలయాల కంప్యూటర్లను విడిగా పెట్టాం. ఒక చిక్కు మిగిలింది. డేటా ఆదా చేసే బ్రౌజర్ వాడేవాళ్ళు ఎందరున్నా, సర్వర్‌కు ఒకే చిరునామా నుంచి వచ్చినట్టు కనిపిస్తారు. సిగ్నల్ సరిగా లేక ఒకే మనిషి రెండుసార్లు అడిగితే అది రెండుగా పడుతుంది. అంటే ఎన్నిసార్లు అడిగారో చెప్పగలను, ఎందరు మనుషులో చెప్పలేను. నివేదికలో ఆ మాట మొదటే రాశాను. తరువాత తేలింది రాశాను: ఫోన్లనుంచి మా సైట్‌లో అన్నిటికన్నా ఎక్కువగా అడిగినది పాముకాటు మందు పేజీ. వానలు మొదలవగానే ఆ వరుసలు పెరిగి, చలికాలానికి తగ్గుతున్నాయి.

ఇబ్బందికరమైన సంగతి ఇంకొకటి బయటపడింది. నా పాత పట్టికలో అగ్రస్థానం ‘డైరెక్టర్ సందేశం’ పేజీది. మా శాఖలన్నిటిలోనూ కంప్యూటర్ తెరవగానే వచ్చే పేజీ అదే. ఆ విజిట్లు దాదాపు అన్నీ మా సిబ్బందివే. దాన్ని దాచడం కుదరదు కాబట్టి అదీ రాశాను.

సమావేశంలో నిధుల సంస్థ ప్రతినిధి హైదరాబాదు నుంచి ఫోన్ మీద వింటున్నారు. మనుషుల సంఖ్య చెప్పలేని లెక్క మాకెందుకని ఆవిడ సూటిగానే అడిగారు. తప్పు ప్రశ్న కాదు. మైదుకూరు చేలో చూసింది చెప్పాను. చెన్నమ్మ సంగతీ చెప్పాను, కానీ ఒకరి అనుభవాన్ని అందరి లెక్కగా చూపడం లేదని కూడా అన్నాను. పేజీని తేలిక చేసి, సరిగా కొలిచాకే దాని సంగతి తేల్చమని కోరాను.

డైరెక్టర్ గారు నా నివేదిక చివరి పుట దాకా చదివారు. “అంటే నా సందేశం చదివేది మన సిబ్బంది మాత్రమేనన్నమాట” అని నవ్వి, దాన్ని తీసేయమన్నారు. తరువాత ఫోన్ వైపు వంగి, “ఈ వానాకాలం పోయేదాకా పాముకాటు పేజీ ఉంటుందండి. బాధ్యత నాది” అన్నారు. ఆవిడ సరేనన్నారు.

ఆ వారంలోనే ఫొటోలన్నీ తీసేశాం. లెక్కించే కోడ్‌ను పేజీ మొదట్లోకి తెచ్చాం. నంబరు నొక్కినప్పుడు ఒక కబురు విడిగా వచ్చేట్టు చేశాం. కోడ్ నడవని ఫోన్ల కోసం కంటికి కనిపించని చిన్న బొమ్మ ఒకటి పెట్టాం. ఆ బొమ్మను ఫోన్ అడిగితే పేజీ తెరిచినట్టు లెక్క. తొలి వానలు పడ్డాక ఒక ఉదయం రజియా నా బల్ల దగ్గర నిలబడి తెర చూస్తుండగా ఆళ్ళగడ్డ వైపు నుంచి ఒకటి, ఆలూరు వైపు నుంచి ఒకటి పడ్డాయి. “ఈళ్ళంతా ముందునుంచీ ఉన్నోళ్ళే గదా మేడం” అంది. అవునన్నాను. ఆమె వెళ్ళి ఆసుపత్రులకు ఫోన్లు చేసుకుంది. వానాకాలం పోయాక పేజీని తీసే మాట ఎవరూ ఎత్తలేదు. నేను రిటైరయ్యే నాటికీ అది నడుస్తూనే ఉంది.

ఈ పనిలో నాకు మంచి మనుషులు దొరికారు. పని ఆపుకుని ఫోన్లో పేజీ తీసి చూపించిన ఈశ్వరమ్మ, పారేయవలసినవి దాచిన ఇంతియాజ్, తనకు నచ్చని లెక్కను కూడా నవ్వుతూ ఒప్పుకున్న డైరెక్టర్ గారు. వాళ్ళలో ఏ ఒక్కరు లేకపోయినా నేను తప్పు నివేదిక మీద సంతకం పెట్టి ఉండేదాన్ని.

పట్టికలో సున్నా కనిపిస్తే ఎవరూ రాలేదని కావచ్చు, వచ్చినవాళ్ళు మన కొలతకు అందలేదని కావచ్చు. రెండోది కాదని వెళ్ళి తేల్చుకున్నాకే మొదటిది రాయాలి. ఆ తరువాత నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ, లెక్కలు చూపించే ముందు బలహీనమైన సిగ్నల్ ఉన్నచోట ఒక చౌక ఫోన్లో మా పేజీ తెరిపించేదాన్ని.