అక్క నుదుటి కొలత

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ వేసవిలో అమలాపురంలో నా ఫ్లెక్సీల షాపుకి పని లేకుండా పోయింది. అప్పుడే మా అక్క వచ్చింది. ఊళ్ళో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. మొహానికి అడ్డుపెట్టుకునే షీల్డులు ఎక్కడా దొరకడం లేదని, పుస్తకాల బైండింగుకి వాడే ప్లాస్టిక్ షీట్లు కత్తెరతో కోసి తామే తంటాలు పడుతున్నామని, ఒక్కోదానికి అరగంట పడుతోందని చెప్పింది.

నా దగ్గర బోర్డులకి అక్షరాలు కోసే కంప్యూటర్ మెషిను ఉంది. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి టేపుతో నుదురు కొలిచాను. చక్కిలిగిలని నవ్వింది. ఆ కొలతతో డిజైను గీస్తే రెండు నిమిషాల్లో షీల్డు తయారైంది. అక్క పెట్టుకుని అద్దంలో చూసుకుంది. వచ్చినవాళ్ళకి చూపించాలని దాన్ని తీసి గోడకి తగిలించాను.

సంగతి తెలిసి రాజోలు, కొత్తపేట, అల్లవరం ఆసుపత్రుల నుంచి మనుషులు బళ్ళేసుకుని వచ్చేవారు. "ఆయ్, మా ప్రాణాలు నిలబెట్టేరండీ" అంటుంటే కాస్త ఉబ్బాను. కాస్తేమిటి, బాగానే ఉబ్బాను. మా వైపు భోజనాల్లో ముందు బయటివాళ్ళకి వడ్డించి ఇంటివాళ్ళు ఆఖరి బంతిలో కూర్చుంటారు. నేనూ అదే మర్యాద చేశాను. అక్క డ్యూటీకి వెళ్తూ మూడుసార్లు షాపు దగ్గర ఆగింది. మూడుసార్లూ కోసినవన్నీ ఎదుట నిలబడ్డవాళ్ళకే ఇచ్చేశాను.

మూడోసారి అడిగింది. "నాకెప్పుడురా?"

"ఇంటిమనిషివి, నీకేం తొందరక్కా. రేపు ఇస్తాను."

"సర్లే, వాళ్ళకే ఇవ్వు. పాపం దూరం నుంచి వచ్చేరు."

మర్నాడు కొత్తపేట ఆర్డరులో పడి మర్చేపోయాను.

వారం తిరక్కుండా అక్కకి జ్వరం వచ్చింది. పన్నెండో రోజున పోయింది. చివరిచూపుకి కూడా దగ్గరికి రానివ్వలేదు. షీల్డు ఉండుంటే బతికేదా అని డాక్టరుగారిని అడిగాను. చెప్పలేమండీ అన్నారు. ఆయన మొహం మీద ఉన్నది నా షాపులో కోసిందే. అక్క నుదుటి కొలతకి కోసిందే.

పెద్దకార్యం అయ్యాక షాపు తీశాను. మొదటి షీల్డు గోడకి అలాగే ఉంది, దుమ్ము పట్టి. అక్క వచ్చి ఆగిన మూడుసార్లూ అది నా తల వెనకే వేలాడుతూ ఉంది. దాన్ని తీసి ఇవ్వడానికి రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు. చెయ్యి చాస్తే సరిపోయేది.