కుండలో ఓడిన పుట్టీ

1968లో మాకు శ్రీకాకుళం బజారులో ఇనుప సామాన్ల కొట్టుండేది. ఓ మూల పూజా సామాను కూడా అమ్మేవాళ్లం. నాన్నకు మోకాళ్ల నొప్పులొచ్చి నన్ను కొత్తగా గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, అడిగినవాడికల్లా సలహా ఇచ్చేవాణ్ణి.

ఒకరోజు కళింగపట్నం నుంచి రాములు, అతని భార్య నూకాలమ్మ వచ్చారు. వాళ్లది తెరచాప పడవ. పడవను మళ్లించే చుక్కాని రాతికి తగిలి బీటలిచ్చిందట. ఆ బీటలో కూరడానికి ఫిల్లర్ కావాలన్నారు.

నేను పుట్టీ డబ్బా తీశాను. సుద్దపొడిని అవిసె నూనెతో పిసికిన ముద్ద అది, కిటికీ అద్దాలకు పెడతారు. "రాయిలా బిగుస్తుంది. రేపే వేటకు వెళ్లొచ్చు" అన్నాను.

రాములు సంబరపడ్డాడు. నూకాలమ్మ మాత్రం, "ఆగు మావా! ఉప్పునీళ్ల కుండలో మూడ్రోజులు ముంచి సూడందే మనింట ఎవులైనా సంద్రంలోకి ఎల్తారేటి?" అంది.

పిచ్చి నమ్మకమని లోపల నవ్వుకున్నాను.

నాలుగో రోజు ఆమె ఒక్కతే వచ్చింది. చేతిలో పుట్టీ కూరిన సన్నటి చెక్క ఉంది. దాన్ని నా ముందే కొంచెం వంచింది. పుట్టీ పొడిపొడిగా బల్ల మీద రాలింది.

"కిటికీ కదల్దు బాబూ. సుక్కాని కదులుతాది, నీటి దెబ్బ తింటాది."

అంతే, ఒక్క తిట్టు లేదు. ఆమె చూపు పూజా సామాను వైపు వెళ్లి గుగ్గిలం బస్తా మీద ఆగింది. అది ధూపానికే అనుకునేవాణ్ణి.

"ఇది దంచి, నూనిలో కాసి, పత్తి పోగులు కలిపితే సాగుతాది. మాయత్త అదే పెట్టీది. నువ్వు కొత్త సరుకు సెప్పినావని ఆశపడినాం."

గుగ్గిలం పూత కుండలో నెగ్గింది. రాములు వేటకు వెళ్లాడు, తిరిగొచ్చాడు. తర్వాత ఓ గంపెడు తాటిముంజెలు తెచ్చి, "సేపలు మీరు తినరు గదా బాబూ" అని నవ్వాడు.

ఆనాటి నుంచి ఏ సరుకు తీయబోయినా ముందు అడుగుతాను: "కదిలేదానికా, కదలనిదానికా?" ఇంకో కొట్టుకు పోకుండా నా దగ్గరికే వచ్చి, నా తప్పు నాకు చూపించిన నూకాలమ్మకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను. నా మాట నమ్మి రాములు ఆ మర్నాడే వెళ్లి ఉంటే, ఆ ముంజెలు తెచ్చేవాడెవడు?