డర్బన్ టైము, గ్రీనిచ్ టైము, తాత పాట

తెల్లవాళ్ల పాలన పోయి ఎన్నికలయ్యాక ఈ దేశంలో ఎవరి రేడియో వాళ్లు పెట్టుకోవచ్చన్నారు. దాంతో ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఒక గంట తెలుగుకీ దక్కింది. డర్బన్ మెరీబ్యాంక్‌లో నేను అద్దెకున్న ఇంటి అక్క, ఆ గంటలో వాళ్ల నాన్న చేత పాడించి తీరాలనుకుంది.

తాత ఉంజింటో చెరకు తోటల్లో పెరిగినవాడు. వాళ్లమ్మ పాడిన పాటొకటి మొదటినుంచి చివరిదాకా ఆయన ఒక్కడికే వచ్చు. అక్కకు పల్లవి దాటి రాదు. ఇంట్లో పాడమంటే "నేనేమన్నా రేడియోనా?" అనేవాడు. సరే, రేడియోకే తీసుకెళ్తానంది అక్క.

పాటను దాచుకోవాలి. టేప్‌రికార్డర్ అప్పటికే క్యాసెట్లు నమలడం మొదలెట్టింది. ఇంటిల్లిపాదీ స్టూడియోకే వెళ్తున్నాం. అందుకని రేడియో నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి, ఎనిమిదింటికి దానంతటదే రికార్డు చేసుకునేలా ఏర్పాటు చేశాను.

ఆ కంప్యూటర్లో రెండు కాపురాలు. బావ వాడే విండోస్ ఒకటి, నేను నేర్చుకోడానికి పెట్టుకున్న లినక్స్ ఒకటి. లోపలి గడియారం మాత్రం ఒక్కటే. విండోస్ దాన్ని డర్బన్ టైముగా చదివేది. లినక్స్ గ్రీనిచ్ టైమనుకుని, డర్బన్ అంతకన్నా ముందు కాబట్టి, రెండు గంటలు కలిపేది. లినక్స్‌లో నేను సరిచేస్తే లోపల గ్రీనిచ్ టైమే పడేది, ఆ తర్వాత తెరిచిన విండోస్ రెండు గంటలు వెనకబడేది. బావ పాపం ప్రతిసారీ ముందుకు జరిపేవాడు, నాతో అనేవాడు కాదు. ఆ ఇంటి మర్యాద అది. పాడైనదాన్ని ఎవరు చూస్తే వాళ్లు బాగుచేస్తారు. చెబితే ఎదుటివాణ్ణి తప్పుపట్టినట్టట.

శనివారం ఆ మర్యాద నేనూ పాటించాను. లోపలున్నది డర్బన్ టైమేనని లినక్స్‌కు ఒక లైను రాసి చెప్పి, గడియారం సరిచేశాను. రెండూ ఒకే టైము చూపించాయి. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం తాతను తేవడానికి బయల్దేరుతూ, కారు తాళాలు చేతిలో పట్టుకునే, తెర సరిగా చూడకుండా, బావ అలవాటుగా రెండు గంటలు ముందుకు జరిపాడు. ఆయనా ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం తాత మైకు ముందు కళ్లు మూసుకుని పాడాడు. అక్క ఏడ్చింది. ఆమెకోసం తీసిన రుమాలుతో బావ తన ముక్కే తుడుచుకున్నాడు. నేను గొంతు హెచ్చుతగ్గులు చూపే మీటరు ముల్లు ఊగడం చూస్తూ, అక్కడ మన యంత్రం వింటోందిలే అనుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి పెడితే, ఆరింటి కార్యక్రమం పలికింది. సముద్రం మీద గాలి ఎటు వీస్తోందో, షాడ్ చేపలు ఎక్కడ పడుతున్నాయో ఒకాయన గంటసేపు చెప్పాడు.

"ఇది మా నాన్న కాదు," అంది అక్క.

"గొంతు బాగుంది," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"నేను టైము సరిచేసినానే!" అన్నాడు బావ.

"నేనూ చేశాను బావా."

"ఐయో మేన్, ఇద్దరు సరిచేస్తే ఎట్ల?"

స్టూడియోవాళ్లూ రికార్డు చేయలేదు. అక్క మళ్లీ తాతనే అడిగింది.

"పాడినాను గదమ్మా. పెలీలే, అయిపోనాది. మీరంతా ఎదురుగానే కూకున్నారు గదా?"

ఇలాంటి కథల్లో ఆ తర్వాత తాత పోవాలి. ఈయన పోలేదు. చాన్నాళ్లు శుభ్రంగా బీన్స్ కూర తింటూ అందరితో పోట్లాడుతూ బతికాడు. ఆ పాట మాత్రం పాడలేదు.

ఒకరోజు అక్క నన్నడిగింది. "తమ్ముడూ, నీకు తెలుగు ఫుల్‌గా వచ్చు కదా. మాకు సగమే అర్థం. పాటలో ఏముండె?"

నిజమే. తాతను మినహాయిస్తే, ఆ స్టూడియో గదిలో ప్రతి మాటా అర్థమయ్యేది నాకొక్కడికే. కాకినాడ నుంచి ఇంత దూరం వచ్చి, నా భాషలో పాడుతుంటే మీటరు ముల్లు చూశాను.

"ఒక చంటిబిడ్డ ఉంది. తడిసిన చీర. మిల్లు కూత."

"తర్వాత?"

ఒక పాదం సొంతంగా కట్టి చెప్పేద్దామనిపించింది. ఆమెకు తెలిసేది కాదు. నోటిదాకా వచ్చింది కూడా.

"గుర్తులేదక్కా."

కాసేపు నా మొహంలోకే చూసింది, ఇంకేమన్నా బయటికొస్తుందేమోనని.

"సరే," అంది. "అన్నం తిను."