నానమ్మకిచ్చిన దొంగ రాయి

మా చిన్నప్పుడు... పోర్ట్‌బ్లెయిర్‌లో చేపల గంప నెత్తిన పెట్టుకుని నానమ్మ ముందు, తక్కెడ మోస్తూ నేను వెనక. మిడిల్ పాయింట్ వైపు వెళ్తుంటే దారిలో బర్మావాళ్లు కట్టుకున్న చిన్న బుద్ధుడి గుడి ఒకటి ఉండేది. అక్కడికి రాగానే నానమ్మ కొంగు మొహానికి అడ్డం లాక్కుని గబగబా దాటేసేది.

నా నోరు ఊరుకోదు కదా... "ఏటే, ఆయనేటి నీకు మావగారా, మొహం సాటేస్తన్నావు?" అన్నాను ఒకరోజు.

గంప దింపి మెట్టు మీద కూలబడింది. అప్పుడు చెప్పింది...

ఆవిడ చిన్నతనం అనకాపల్లి వైపు అమ్మమ్మగారింట్లో గడిచింది. కనుమనాడు జనమంతా దగ్గర్లోని కొండెక్కి, రాతిలో చెక్కి ఉన్న ఓ పెద్ద బొమ్మను రాక్షసుడనుకుని రాళ్లతో కొట్టేవారట. నానమ్మ గురి తప్పేది కాదట. సరిగ్గా పొట్ట మీదే.

పెళ్లయి, ఓడెక్కి ఇక్కడికొచ్చి, ఈ గుడిలోకి తొంగి చూస్తే... అదే కూర్చోవడం. అవే మూసిన కళ్లు. కొండ మీది రాక్షసుడు ఇక్కడ పువ్వుల మధ్య దేవుడై ఉన్నాడు.

"నాను కొట్టింది దేవుణ్ణిరా గుంటడా. ఆ సంగతి తెలిసిన ఏడే మీ తాతని సముద్రం అట్టుకుపోనాది."

ఒక్కసారి ఆ కొండకెళ్లి, విసిరినలాంటి రాయొకటి ఆయన కాళ్ల దగ్గర పెట్టి, తప్పయిపోయిందని చెప్పుకోవాలని ఆవిడ కోరిక. ఓడ వచ్చినప్పుడల్లా నాన్నను అడిగేది. "వేట సీజన్ అవ్వనీయే" అనేవాడు నాన్న. ఆ సీజన్లు అయ్యేలోగా ఆవిడ మోకాళ్లు అయిపోయాయి. "పోనీ కొండ మీది రాయైనా తెప్పించండ్రా, ఇక్కడే ఎట్టి దండమెట్టుకుంటాను" అని రోజూ అదే పాట.

నాకు పదకొండేళ్లు. టీచర్ గొడుగులో పీతను పెట్టిన చెయ్యి ఖాళీగా ఉంటుందా... జెట్టీ పక్కన నల్లటి రాయొకటి ఏరి, దానికి అతుక్కున్న గుల్లలు చాకుతో గీకి, ఎర్రమట్టి పూసి, "ఓడలో వచ్చినాయన ఇచ్చాడే, మీ కొండదే" అని ఒళ్లో పెట్టాను. జాలిపడి చేశానని ఇప్పుడు కోతలు కొయ్యొచ్చు గానీ... సగం ఆవిడ నస వదులుతుందని, సగం ముసల్ది బోల్తా పడుతుందా లేదా అన్న సరదా.

నానమ్మ రాయిని తిప్పి తిప్పి చూసింది. బొటనవేలితో రుద్దింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆహా, ఏం భక్తి... అనుకున్నాను.

మర్నాడు నా భుజం పట్టుకుని గుడి మెట్లెక్కింది. రాయి ఆయన కాళ్ల దగ్గర పెట్టి ఏదో గొణుక్కుంది. గుడి చూసుకునే బర్మా భయ్యా పక్కనే ఉన్నాడు. నేను గుమ్మంలో నవ్వాపుకోలేక చస్తున్నాను.

ఆ తర్వాత ఆవిడ మొహం చాటెయ్యలేదు. రెండేళ్లకు నిద్రలోనే పోయింది. ఈ కథ చెప్పి స్నేహితుల్ని ఎన్నిసార్లు నవ్వించానో...

పోయినేడు గుడికి రిపేర్లు జరిగాయి. అప్పటి భయ్యా ఇప్పుడు పళ్లూడిన చాచా. నన్ను పిలిచి రాయి చేతిలో పెట్టాడు. ఎర్రమట్టి ఎప్పుడో పోయింది. గుల్లల తెల్లటి గుండ్రటి మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి.

"లే బేటా, తేరా పత్థర్. నీ సముద్రం రాయి."

"నీకెలా తెలుసు చాచా?"

"నీ దాదీ ఆ రోజే చెప్పింది కదా. జిందగీ అంతా చేపలమ్మింది, గుల్ల మచ్చ తెలవదా? 'ఇది కొండ రాయి కాదు సామీ, మా గుంటడు అబద్దమాడినాడు, ఆడి మీద కోపమెట్టుకోకు' అంది. బస్."

"మరి తను కొట్టిన సంగతి?"

"అప్నే లియే కుఛ్ నహీ మాంగా. తనకోసం ఏమీ అడగలేదు."

అన్నేళ్లు దాచుకున్న ఒక్క దండం... నా మీద ఖర్చుపెట్టేసింది.

మొన్న ఆ కొండకి వెళ్లాను. ఇప్పుడెవరూ రాళ్లు విసరడం లేదు. కంచె ఉంది, బోర్డు ఉంది. ఎక్కడినుంచో వచ్చిన భిక్షువులు ఇటుకల స్తూపం చుట్టూ ఉత్తకాళ్లతో తిరుగుతున్నారు. ఒకప్పుడు తమవాళ్లు ధ్యానం చేసుకున్న నేల అని మట్టి తీసి కళ్లకద్దుకుంటున్నారు. మా నానమ్మ కాళ్లూనుకుని గురి చూసిన మట్టి అదే.

మెట్లెక్కేసరికి నావీ నానమ్మ మోకాళ్లే అయ్యాయి. సంచిలోంచి రాయి తీశానో లేదో కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"ఓ బాబూ! ఆ రాయి లోపలెట్టండి! కొడతారేటి?"

"కొట్టడానికి కాదయ్యా, పెట్టడానికి" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిజం చెబితే... అదీ నమ్మలేదు.

రాయి సంచిలో వేసుకుని కంచె ఇవతలే నిలబడ్డాను. "కోపమెట్టుకోకు సామీ... నీ మీద రాయి ఇసిరినప్పుడు మా నానమ్మ సిన్నపిల్ల" అన్నాను. ఇంకేం మంత్రాలు రావు నాకు.

రాయి ఇప్పుడు మా కిటికీలో ఉంది. ఈ రోజుల్లో పిల్లలు అబద్ధమాడితే ఫోన్ తీసి అక్కడికక్కడే పట్టేస్తున్నాం... తెలిసీ నమ్మినట్టు ఊరుకునే ఓపిక ఎవరికుంది? మీ అబద్ధాన్ని అలా మోసినవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే కింద రాయండి... వేళాకోళం చెయ్యను. ఆ సరదా నాకు తీరిపోయింది.